"రెండు వేల ఏళ్ళ వర్తక మార్గం" అంటూ బస్సు యాత్ర: అమ్మతో వెళ్ళొచ్చా?

కోటిపల్లి_రేవు · 3 జనవరి, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కాకినాడలో ఒక ట్రావెల్స్ వాళ్ళు సంక్రాంతి వెళ్ళాక మూడు రోజుల గ్రూప్ యాత్ర వేశారు. పేరు "రెండు వేల ఏళ్ళ వర్తక మార్గం". మొదటి రోజు కాకినాడ జగన్నాథపురం, కోరింగ, ఇంజరం, యానాం. రెండో రోజు ద్రాక్షారామం, కోటిపల్లి, అమలాపురం, "ఈస్టిండియా కంపెనీ వారి బండారులంక ఫ్యాక్టరీ", ఆదుర్రు. మూడో రోజు రాజోలు, నరసాపురం, పాలకొల్లు. ఏసీ బస్సు, 26 మంది, ఒక గైడు, రెండు రాత్రుల బస, భోజనాలతో మనిషికి 11,500.

అమ్మకు 71. మోకాళ్ళు నొప్పి, కానీ కూర్చోబెడితే ఎంత దూరమైనా వస్తుంది. మాది కోటిపల్లి పక్క ఊరే. ఇరవై ఏళ్ళుగా హైదరాబాదులో ఉంటున్నాం. పుట్టిన ఊరికి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళడమేంటని మా ఆవిడ ఒకటే నవ్వు. నిజం చెప్పొద్దూ, ఆదుర్రు బౌద్ధ స్తూపం నేనింతవరకు చూళ్ళేదు. ఇంజరం ఎప్పుడూ బస్సులో దాటడమే తప్ప దిగింది లేదు. ఈ దారి గురించి తెలిసినవాళ్ళు చెప్పండి, వెళ్ళొచ్చా?

ఎటకారం_ఏజెన్సీ · 3 జనవరి, రాత్రి 9:52

అప్పటి వర్తకులకి కూడా ఏసీ, రెండు టిఫిన్లు ఇచ్చేవారో లేదో ముందు కనుక్కోండి. ఇవ్వకపోతే అది ఒరిజినల్ మార్గం కాదు.

లాకు_సూపర్నెంటు · 3 జనవరి, రాత్రి 10:30

పొట్టి ప్రశ్నకి పొడుగు జవాబు, ఏమీ అనుకోకండి. ఇరిగేషన్‌లో ముప్పై ఒక్క ఏడాది చేసి రిటైరయ్యాను, చెప్పేవాళ్ళు లేక నోరు దురద.

ఆ లిస్టులో ఊళ్ళు ఒకసారి మ్యాపులో పెట్టి చూడండి బాబూ. కోరింగ, ఇంజరం, యానాం గౌతమి వైపు. ఆదుర్రు వైనతేయ ఒడ్డున. నరసాపురం వశిష్ఠ ఒడ్డున. వీటిలో ఒక్క ఊరూ రోడ్డు చూసుకుని పుట్టింది కాదు. పెద్ద ఓడ సముద్రంలోనో నదీముఖంలోనో లంగరు వేసేది, లోపలి ఊళ్ళ నుంచి చిన్న పడవలు సరుకు మోసుకెళ్ళి ఓడకెక్కించేవి. దారంటే నీరే. ఆ దారిని బస్సు కిటికీలోంచి చూపిస్తామంటే, పెళ్ళికి పిలిచి విస్తరి ఫొటో చూపించినట్టుంటుంది.

అలాగని కాలువలో పడవ ఎక్కిస్తామంటే నమ్మకండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. కాటన్ దొర కాలువలు సాగుకీ పడవలకీ కలిపి తవ్వించాడు. నీటి మట్టం మారిన ప్రతిచోటా లాకులు పెట్టింది అందుకే. పడవ లోపలికొచ్చాక వెనక తలుపులు మూసి, ముందు తలుపుల్లో ఉన్న చిన్న తూములు ఎత్తితే నీళ్ళు మెల్లగా సమం అవుతాయి, అప్పుడు తలుపులు తెరుచుకుంటాయి. గాలుంటే తెరచాప, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు భుజానేసుకుని లాగుతూ నడిచేవారు. నా చిన్నప్పుడు రాదారి పడవలో నిద్రపోయి లేచేసరికి వేరే ఊళ్ళో ఉండేవాణ్ణి. కాకినాడలో ఎక్కించిన సరుకు ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు చేరేది. ఇప్పుడు కాలువ నిండా గుర్రపుడెక్క, పడవ తల దూర్చలేనంత కిందికి వంతెనలు. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా జాతీయ జలమార్గం 4 అని 2008లో ప్రకటించారు. మా లాకు దగ్గర మాత్రం ఇప్పటికీ గేదెలు కడుగుతున్నారు.

కాబట్టి వాళ్ళని అడగాల్సింది ఒక్కటే: మూడు రోజుల్లో ఎన్ని గంటలు నీటి మీద ఉంటాం?

పుంజం · 4 జనవరి, ఉదయం 7:15

బండారులంకలో ఈస్టిండియా కంపెనీ ఫ్యాక్టరీయా? మా ఊళ్ళో ఉన్నవి మగ్గాలండి. కంపెనీ వాళ్ళు ఉన్నది బెండమూర్లంకలో, అల్లవరం అవతల, వైనతేయ సముద్రంలో కలిసే వైపు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఊళ్ళు కలిపేస్తే ఎలా? ఆ బ్రోచర్ రాసినవాళ్ళు ఈ రెండు ఊళ్ళూ చూసుండరు.

ఇంకోటి కూడా చెప్పాలి. పోయినేడు ఇలాంటిదే ఒక బస్సు మా వీధిలో ఆగింది. చెప్పాపెట్టకుండా లోపలికొచ్చారు. మా అత్తగారు మగ్గం గుంటలో కూర్చుని ఉంటే నలుగురు చుట్టూ నిలబడి ఫొటోలు. ఒకావిడ "ఇంకా చేత్తోనే నేస్తున్నారా, పాపం" అంది. ఒక్క తువ్వాలు కొన్నవాళ్ళు లేరు. ఇరవై నిమిషాలు మగ్గం ఆగింది. ఆ ఇరవై నిమిషాల కూలి ఎవరిస్తారు?

శాసనాల_మేష్టారు · 4 జనవరి, ఉదయం 11:05

అమ్మాయి చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. పైగా ఫ్యాక్టరీ అన్న మాట చూసి పొగగొట్టాలు ఊహించుకోవద్దు. అది గిడ్డంగి, గుమాస్తాల ఇల్లు, బట్ట సరిచూసి మూటకట్టే వసారా. కోఠీ అనుకోండి.

"రెండు వేల ఏళ్ళు" అనడంలో అబద్ధం లేదు. రెండు వేల ఏళ్ళూ ఇదే వరసలో, ఇవే ఊళ్ళ మీదుగా దారి నడిచిందనుకుంటే మాత్రం పొరపాటు. క్రీ.శ. 1వ శతాబ్దపు పెరిప్లస్ అనే గ్రీకు నావికుల పుస్తకంలో మసాలియా అని మన తీరం ప్రస్తావన ఉంది, అక్కడ సన్నని నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని. తర్వాతి శతాబ్దంలో టాలెమీ అనే భూగోళవేత్త ఇంకో మాట రాశాడు: ఈ తీరంలో ఒక చోట ఓడలు ఒడ్డు వెంబడి పోవడం మానేసి, నేరుగా నడిసముద్రంలోకి, తూర్పున బంగారు దేశం వైపు మళ్ళుతాయని. శాతవాహన యజ్ఞశ్రీ నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. రాజు నాణెం మీద ఓడ వేయించుకున్నాడంటే ఖజానాకి డబ్బు ఎటునుంచి వస్తోందో చెప్పకనే చెప్పినట్టు.

ఆదుర్రు అందుకే ముఖ్యం. స్తూపం వైనతేయ ఒడ్డున ఉండటం కాకతాళీయం కాదు. వర్తకులు ఆరామాలకి దానాలిచ్చేవారు, ఆరామాలు వాళ్ళకి మజిలీలు.

ద్రాక్షారామంలో మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది. గైడు సప్తగోదావరి కోనేరు చూపించి, దర్శనం చేయించి బయటికి లాక్కొస్తాడు. మీరు స్తంభాల దగ్గర ఆగండి. భీమేశ్వరుడికి అఖండదీపం పెట్టించి, దాని నెయ్యి కోసం యాభై గొర్రెలు ఇచ్చామని చెప్పే శాసనాలున్నాయి అక్కడ. గొర్రెలని పెంచేవాడు రోజూ కొలత ప్రకారం నెయ్యి పొయ్యాలి, మంద తరగకూడదు. ఇప్పటి ఫిక్స్‌డ్ డిపాజిట్టే, కాకపోతే ఇది మేస్తుంది. ఆ ఊళ్ళోనే ఒలందుల సమాధులున్న చోటుని ఒలందు దిబ్బ అంటారు. ఒలందులంటే డచ్చివాళ్ళు. ఫ్రెంచివాళ్ళు పరాసులు, పోర్చుగీసులు బుడతకీచులు. మచిలీపట్నంలో వలందపాలెం, పరాసుపేట ఇంకా అవే పేర్లతో ఉన్నాయి.

యానాం_బుల్లోడు · 4 జనవరి, మధ్యాహ్నం 1:20

బ్రోచర్లో మా ఊరిని "మినీ పారిస్" అని రాసుంటే సగం డబ్బులు వెనక్కడగండి.

పరాసులు 1723లో దిగారు, 1954లో వెళ్ళారు. మధ్యలో ఇంగ్లీషువాళ్ళు ఎన్నిసార్లు లాక్కున్నారో, ఎన్నిసార్లు తిరిగిచ్చారో లెక్క మా తాతకే తెలీదు. ఇంజరం మాకు కూతవేటు దూరం. అక్కడ ఇంగ్లీషువాళ్ళు 1708లో కోఠీ పెట్టారు, సన్నబట్టకి పేరు. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ వచ్చి పట్టుకున్నాడు. అంటే ఎదురెదురు కిరాణా కొట్లు, ఒకడి షట్టరు ఒకడు దించేసుకోవడం. ఇవాళ ఇంజరంలో బస్సు దిగితే వరి చేలు, కొబ్బరిచెట్లు, ఒక టీ కొట్టు కనబడతాయి. నిరాశ పడకుండా ముందే చెప్తున్నా.

యానాం వస్తే మీసాల వెంకన్న గుడి చూడండి. స్వామికి మీసాలుంటాయి. ఇంకో సంగతి గైడు చెప్పడు గానీ నేను చెప్తా. 1929లో బాల్యవివాహాలు ఆపాలని శారదా చట్టం వచ్చింది కదా, అది ఇంగ్లీషువాళ్ళ చట్టం, మాది ఫ్రెంచి ఊరు. దాంతో చుట్టుపక్కల వాళ్ళంతా పిల్లల్ని తీసుకొచ్చి ఇక్కడ పెళ్ళిళ్ళు చేసేవారు. కల్యాణపురం అని పేరే పడింది. బట్టలే కాదు, ఆ రోజుల్లో సరిహద్దు దాటితే చట్టం కూడా చవగ్గా దొరికేది.

రంగం_మనవరాలు · 4 జనవరి, సాయంత్రం 6:48

నేను వైజాగ్‌లో ఉంటాను. ఈ చర్చలో కోరింగని అందరూ ఒక్క మాటతో దాటేస్తున్నారు, నాకు బాధగా ఉంది.

మా అమ్మమ్మా వాళ్ళది తాళ్ళరేవు వైపు. తాతయ్య రంగం వెళ్ళారు. ఈ తరం పిల్లలకి: రంగం అంటే రంగూన్. బర్మాలో తెలుగువాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చినా "కొరంగీ"లే, ఓడ ఎక్కిన రేవు పేరే జాతి పేరైపోయింది. 1942లో జపాన్ బాంబులు పడుతుంటే తాతయ్య నడిచి వచ్చారు, కొండలు దాటి. అంతకుముందే పంపించిన ఒక టేకు పెట్టె మాత్రం ఓడలో క్షేమంగా వచ్చింది. అది ఇప్పుడు మా హాల్లో టీవీ కింద ఉంది. మూత తీస్తే ఇప్పటికీ ఒక రకం నూనె వాసన.

కోరింగని తుఫాన్లు మింగేశాయి. 1789 డిసెంబరులో ఒకటి, 1839 నవంబరులో ఇంకోటి. కలకత్తాలో పిడింగ్టన్ అనే ఆయన ఈ తుఫాన్ల మీద రాస్తూ, గాలి పాము చుట్ట చుట్టుకున్నట్టు తిరుగుతుందని "సైక్లోన్" అనే మాట పుట్టించాడు. ఆయన పరిశీలించిన వాటిలో మన 1789 కోరింగ తుఫాను కూడా ఉంది. ప్రపంచమంతా వాడే మాటకి మన మడ అడవుల బురద అంటుకుని ఉంది. గైడు ఈ ఒక్కటైనా చెప్తాడేమో అడగండి.

ఎటకారం_ఏజెన్సీ · 4 జనవరి, రాత్రి 8:02

మేడం, మీ పెట్టె కథ బాగుంది. తుఫాన్లు మింగాయన్నది మాత్రం సగమే. తుఫాను దెబ్బకి పడిపోయిన రేవులు మళ్ళీ లేచాయి. కోరింగని చంపింది మేట. గౌతమి ఏడాదికేడాది ఒండ్రు తెచ్చి పోస్తే ఓడలకి లోతు చాల్లేదు, వ్యాపారం కాకినాడకి జరిగింది. ఈ ఒక్క పోస్టులో ఎటకారం లేదు, గమనించగలరు.

పంటు_ప్రయాణం · 4 జనవరి, రాత్రి 10:11

మాది సఖినేటిపల్లి. ఉద్యోగం నరసాపురంలో. రోజూ రెండు పూటలా పంటు ఎక్కుతాను. తెలియనివాళ్ళకి, పంటు అంటే రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచింది. మనుషులు, మోటారు సైకిళ్ళు, కార్లు, మేకలు అన్నీ ఎక్కుతాయి.

అవతల దిగే రేవు పేరు మాధవాయిపాలెం. ఇంగ్లీషువాళ్ళ నోట్లో అది "మడపొల్లం" అయింది. ఇక్కణ్ణుంచి వెళ్ళిన మెత్తటి నూలుగుడ్డకి ఆ పేరే పెట్టేశారు, ఇప్పటికీ ఇంగ్లీషు నిఘంటువుల్లో ఆ బట్ట పేరు అదే. పదిహేడో శతాబ్దంలో వాళ్ళు ఓడలు కట్టించుకున్నదీ మరమ్మతు చేయించుకున్నదీ నరసాపురంలోనే. నాకీ సంగతి మూడేళ్ళ కిందట తెలిసింది. అప్పటిదాకా అది నాకు ఆఫీసుకి లేటయ్యే చోటు మాత్రమే.

బస్సుని చించినాడ వంతెన మీదుగా ఖాళీగా పంపించి, మనుషుల్ని పంటు ఎక్కించమనండి. ఎంతో ఖర్చు కాదు.

యాత్ర_నడిపేవాణ్ణి · 5 జనవరి, ఉదయం 9:30

ఈ యాత్ర వేసింది మేమే. ఒక మిత్రుడు లింకు పంపితే చదివాను. బండారులంక, బెండమూర్లంక తప్పు మాదే. బ్రోచర్ మార్పించాను. ఆ చెల్లెమ్మకి క్షమాపణ.

పడవ గురించి చెప్తాను. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం అందరికీ తెలుసు. అప్పట్నుంచి ఇరవై ఆరు మందిని నీటి మీదకి తీసుకెళ్తున్నామంటే పర్మిషను, లైఫ్ జాకెట్లు, పడవ ఫిట్‌నెస్ అన్నీ చూడాలి, చూసి తీరాలి కూడా. గ్రూపులో సగం మంది అరవై దాటినవాళ్ళు. ఒక్కరు కాలు జారినా నా వ్యాపారం అంతే. బస్సు మీద ప్రేమ ఉండి కాదండి. అయినా మీరంతా ఇంతగా చెప్తున్నారు కాబట్టి, కోరింగ దగ్గర మడ అడవిలో గంటన్నర పడవ, సఖినేటిపల్లి దగ్గర పంటు, ఈ రెండూ కలుపుతాను. మనిషికి 400 పెరుగుతుంది.

లాకు_సూపర్నెంటు · 5 జనవరి, ఉదయం 10:02

శభాష్. ఒక్క సంగతి, కోరింగలో పడవ వేళ పోటుపాట్లు చూసి పెట్టండి. భోజనాల వేళ చూసి పెట్టకండి.

పుంజం · 5 జనవరి, ఉదయం 10:40

క్షమాపణలు సరే అన్నయ్యా, మా ఊరు వస్తే పద్ధతిగా రండి. ముందు రోజు ఫోన్ చెయ్యండి. ఇంటికి ఎనిమిది మంది కంటే వద్దు. ఆ గంటకి మగ్గం కూలి ఎంతో అంత ఇవ్వండి. ఫొటో అడిగి తీసుకోండి. కొనడం, కొనకపోవడం మీ ఇష్టం, "పాపం" అనడం మాత్రం వద్దు.

వచ్చేవాళ్ళకి ఒక లెక్క ఇక్కడే చెప్పేస్తాను. కంపెనీ వాళ్ళు గుడ్డని పుంజాల్లో కొలిచి కొనేవారు. మా తాతయ్య కూడా పుంజాల్లోనే చెప్పేవాడు. ఒక పుంజం అంటే పడుగులో, అంటే నిలువు దారాల్లో, 120 పోగులు. 14 పుంజాల గుడ్డంటే 1,680 పోగులు, అది ముతక. అదే పన్నాలో 36 పుంజాలు పట్టించారంటే 4,320 పోగులు, ఒక్కొక్కటీ దువ్వెనలాంటి అచ్చులోంచి చేత్తో దాటించాలి. పోగు తెగితే ఎక్కడ తెగిందో వేలితో తడిమి కనుక్కుంటారు.

కంపెనీ గుమాస్తాలు ముందు బయానా ఇచ్చి, గుడ్డ వచ్చాక తక్కువ రకమని కోత కోసేవారని మేష్టారు లాంటివాళ్ళు చెప్తుంటారు. ఇప్పుడు మాస్టర్ వీవర్ నూలు ఇస్తాడు, మేం నేసి ఇస్తాం, కూలి తీసుకుంటాం. మూడొందల ఏళ్ళలో మారింది గుమాస్తా చొక్కా.

కోటిపల్లి_రేవు · 6 జనవరి, రాత్రి 9:15

మూడు టిక్కెట్లు తీసుకున్నాను. అమ్మ అప్పుడే సంచీ సర్దేసింది. యాత్ర జనవరి 24న. వచ్చాక రాస్తాను.

కోటిపల్లి_రేవు · 28 జనవరి, రాత్రి 10:20

వచ్చేశాం. కాస్త పెద్దగానే రాస్తున్నాను, రేపు ఆఫీసుంది కాబట్టి రెండు ముక్కలుగా.

సూపర్నెంటు గారూ, మీ నోట్లో పంచదార పొయ్య. కోరింగ పడవ పన్నెండున్నరకి పెట్టారు, భోజనం ముందు. వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. రెండు పక్కలా మడ చెట్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేళ్ళు, వాటి మధ్య ఎర్ర పీతలు. గైడు కోరింగ ఒకప్పుడు మహానగరం అని మైకులో చెప్తున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు పాటు మొదలైంది, నీళ్ళు వెనక్కి తీశాయి. పాయ మలుపులో పడవ అడుగు మెత్తగా ఎక్కడో ఆనింది. చప్పుడు కూడా లేదు. సరంగు గెడ దింపి చూశాడు, మోకాలి లోతు నీళ్ళు, దాని కింద ఎంత గుచ్చితే అంత బురద. రెండుసార్లు తోశాడు. తర్వాత "పోటొచ్చేదాకా ఇంతేనండి" అని తువ్వాలు మొహం మీద వేసుకుని పడుకున్నాడు.

గంటా ఇరవై నిమిషాలు. ఇరవై ఆరు మందిమి ఆకలితో, లైఫ్ జాకెట్లతో, కదలకుండా. మొదట పావుగంట టెన్షన్, తర్వాత తిట్లు, తర్వాత ఒకావిడ సంచీలోంచి జంతికల డబ్బా తీసింది. అప్పుడు అర్థమైంది నాకు ఎటకారం గారు చెప్పిన మేట అంటే ఏంటో. మా చిన్న పడవే ఇలా కూర్చుండిపోతే, మూట బట్టలతో వచ్చిన ఓడ ఏం చేస్తుంది? ఒక ఏడాది చూస్తారు, రెండేళ్ళు చూస్తారు, మూడో ఏడు కాకినాడ పోతారు. మైకులో అరగంట విన్నది తలకెక్కలేదు గానీ, ఆ బురదలో కూర్చున్నాక ఎక్కింది. సైక్లోన్ మాట సంగతి నేనే చెప్పాను, గైడు నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

యానాంలో మీసాల వెంకన్నని చూశాం. మినీ పారిస్ అన్నారు, డబ్బులు అడగలేదు.

ద్రాక్షారామంలో నలభై నిమిషాలే ఇచ్చారు. అది చాలా తక్కువ, ఈ మాట వాళ్ళకీ చెప్పాను. మేష్టారి మాట ప్రకారం స్తంభం దగ్గర ఆగాం. పాత తెలుగు లిపి, నాకు నాలుగక్షరాలు కూడా కూడలేదు. అమ్మ మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, గీతల మీద వేలు పెట్టి కాసేపు అలా జరుపుతూ ఉంది. "ఏమైనా తెలుస్తోందా?" అంటే "ఏం తెలీదు, కానీ చెక్కినవాడి చెయ్యి తొందరపడలేదు" అంది. ఒలందు దిబ్బ ప్రోగ్రాంలో లేదట.

శాసనాల_మేష్టారు · 29 జనవరి, ఉదయం 6:30

నలభై నిమిషాలా! నేను అక్కడ నలభై ఏళ్ళుగా తిరుగుతున్నాను, ఒక మండపమే పూర్తవలేదు. మీ అమ్మగారికి నా నమస్కారాలు.

కోటిపల్లి_రేవు · 29 జనవరి, రాత్రి 9:50

రెండో ముక్క.

కోటిపల్లిలో బస్సు రేవు దగ్గర ఆగింది. అవతల ముక్తేశ్వరం కనబడుతూనే ఉంటుంది, కానీ బస్సుకి దారి లేదు. యానాం వెనక్కొచ్చి ఎదుర్లంక వంతెన ఎక్కాలి. అమ్మ పెళ్ళయి ముక్తేశ్వరం వైపు నుంచి ఈ రేవుకే పడవలో వచ్చింది. ఆ పడవలో ఆవిడ ట్రంకుపెట్టె పక్కన ఎవరివో రెండు బస్తాల మిరపకాయలున్నాయట, అత్తారింట్లో అడుగు పెట్టింది మొదలు తుమ్ములేనట. ఇన్నేళ్ళలో ఈ మాట మాకెప్పుడూ చెప్పలేదు.

బండారులంకలో పుంజం గారి షరతులన్నీ పాటించారు. ఎనిమిది మంది చొప్పున మూడిళ్ళకి, మిగిలిన ఇద్దరు టీ కొట్టుకి. మేం వెళ్ళిన ఇంట్లో గుంట మగ్గం మీద అరవై ఏళ్ళ ఆవిడ నేస్తున్నారు. నాడె ఇటు నుంచి అటు పోయే శబ్దం కంటే, పలక దగ్గరికి లాగి కొట్టే శబ్దమే ఇల్లంతా నిండింది. మధ్యలో ఆగిపోయింది. ఒక పోగు తెగింది. మా ఎనిమిది మందిలో ఎవరికీ కనబడలేదు. ఆవిడ చూడను కూడా చూడలేదు, అరచెయ్యి పడుగు మీద తేలిగ్గా ఒకసారి పోనిచ్చి, ఒకచోట ఆపి, రెండు కొసలూ పట్టుకుని, బొటనవేలితో ఒక్క తిప్పు తిప్పి ముడేశారు. ఎంతసేపని? దగ్గు వచ్చి తగ్గేంత. నా పక్కనున్న రిటైర్డ్ ఇంజనీరు గారు ఇంకోసారి చూపించమన్నారు. "తెగితే చూపిస్తానండి, తెంపను" అన్నారావిడ.

ఆదుర్రులో గైడు ఒక్క మాటా తప్పు చెప్పలేదు, ఎందుకంటే పెద్దగా ఏమీ చెప్పలేదు. కొబ్బరితోటల మధ్య ఇటుకల దిబ్బ. ఊళ్ళోవాళ్ళు దుబరాజు గుడి అంటారు. సాయంత్రం ఎండ ఇటుకల మీద పడుతోంది. అక్కణ్ణుంచి వైనతేయ ఒడ్డు ఎంత దగ్గరో చూశాక ఇక్కడే ఎందుకు కట్టారని ఎవరూ అడగలేదు.

మూడో రోజు పంటు. అమ్మని బస్సులో చుట్టూ తిప్పి తెస్తామన్నారు, ఒప్పుకోలేదు. ఇద్దరు కుర్రాళ్ళు చెరో చెయ్యి పట్టుకుని బల్ల మీదకి ఎక్కించారు. వశిష్ఠ మధ్యలో గాలి తగిలేసరికి బస్సులో మూడు రోజులుగా మాట్లాడుకోనివాళ్ళంతా మాట్లాడుకోవడం మొదలెట్టారు. మాధవాయిపాలెం రేవులో దిగాక బట్ట పేరు సంగతి గైడు బాగా చెప్పాడు. ఈ చర్చ చదివాడని అనుమానం. పాలకొల్లులో ఒలందుల సమాధి రాళ్ళు చూపించి ఇంగ్లీషువాళ్ళవన్నాడు. గ్రూపులో తొమ్మిదో తరగతి పిల్లాడు "అది డచ్ కదా అంకుల్" అని సరిచేశాడు.

మొత్తం మీద 11,900కి గిట్టిందా? భోజనాలు బాగున్నాయి, రెండో రాత్రి బస బాగాలేదు, వేణ్ణీళ్ళు రాలేదు. బస్సులో గడిచింది పద్దెనిమిది గంటలు, నీటి మీద మూడుకి కాస్త తక్కువ, అందులో గంటా ఇరవై బురద మీద. నాకు గుర్తున్నవి మాత్రం ఆ మూడు గంటలూ, మగ్గమూ.

లాకు_సూపర్నెంటు · 29 జనవరి, రాత్రి 10:05

పద్దెనిమిదికి మూడు. మా డిపార్టుమెంటు లెక్కల ప్రకారం ఇది ఘనవిజయం.

యాత్ర_నడిపేవాణ్ణి · 30 జనవరి, ఉదయం 8:45

పడవ వేళ తప్పు మాదే. ఫిబ్రవరి బ్యాచ్‌కి పోటు చూసి తెల్లవారుజామున పెట్టాను. ద్రాక్షారామానికి రెండు గంటలు, ఒలందు దిబ్బ కలిపి. మేష్టారు గారు ఒక రోజు వచ్చి స్తంభాల దగ్గర మాట్లాడతారా? కారు పంపిస్తాను.

రంగం_మనవరాలు · 30 జనవరి, ఉదయం 9:10

ఫిబ్రవరికి నాకు రెండు సీట్లు ఉంచండి. అమ్మని తీసుకొస్తున్నాను. తాళ్ళరేవులో పది నిమిషాలు ఆపితే చాలు, ఇల్లు ఉందో లేదో చూసుకుంటాం.

పుంజం · 30 జనవరి, మధ్యాహ్నం 12:30

వచ్చినవాళ్ళలో నలుగురు చీరలు చెప్పి వెళ్ళారు. రెండు మగ్గం దిగాయి, మిగిలిన రెండూ పది రోజుల్లో. కొరియర్ అడ్రసు ఇక్కడ పెట్టకండి, నాకు విడిగా మెసేజ్ చెయ్యండి. వంకాయరంగు అంచు చెప్పి, ఇంటికెళ్ళాక చిలకాకుపచ్చ అన్న ఆవిడకి: పడుగు ఎక్కించేశామండి, ఇక మార్చకండి.